జెర్రిపోతును కొట్టిన పాపం

మిర్యాలగూడ దగ్గర మా పొలం, సాగర్ ఎడమ కాలువ కింద. నిన్న ఒడ్డు మీద బొరియ తవ్వితే మూరెడు లోతులో వరి కంకులు బయటపడ్డాయి. ఒక్కోటి కత్తెర పెట్టినట్టు ఏటవాలుగా కోసి, వరుసగా పేర్చి పెట్టుకుంది పందికొక్కు. మా ఇంట్లో బీరువా కూడా అంత పద్ధతిగా ఉండదు! నాయిన దులిపితే చేటెడు వడ్లు అయ్యాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వానాకాలం ఇదే ఒడ్డు మీద జెర్రిపోతును కొట్టి చంపింది నేనే. దానికి విషం ఉండదు, దాని తిండే ఎలుకలు, కప్పలు. "అది జీతం అడగని కావలోడు బిడ్డా, ఎందుకు కొట్టినవ్?" అని నాయిన అప్పుడే అన్నాడు.

బడిలో ఆహార గొలుసు అంటూ గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బాణాలు గీసి మార్కులు తెచ్చుకున్నాం. పొలంలో చూస్తే అది గొలుసు కాదు, వల. ఒక్క ఎలుక మీదే పాము, గుడ్లగూబ, ముంగిస అన్నీ బతుకుతాయి. తినేవాటి వరుసలో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు తిండి ద్వారా చేరే శక్తి సుమారు 10 శాతమే. అందుకే మడి నిండా మిడతలు ఉన్నా, గద్ద మాత్రం ఒకటో రెండో. పైన ఉండేవే కొన్ని, వాటిలో ఒకదాన్ని నేను తీసేశాను.

మందు కలిపిన నూకలు పెడదామంటే, పొద్దున్నే నెమళ్లు ఏరుకుని తింటాయని నాయిన ఒప్పుకోలేదు. చివరికి గుడ్లగూబ వాలడానికి మడిలో టీ ఆకారం కర్రలు పాతాం. రాత్రి టార్చి వేసి చూశా, ఇంకా ఏదీ రాలేదు.