మూడు వారాల పసుపు లైటు

ఆదివారం రాత్రి. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. పోకపోయినా పర్వాలేదు. ఈ రోజు సంగతి మరిచిపోకముందే రాసుకోవాలి.

మరమ్మతుకు పంపిన మా కారు ఏబీఎస్ మాడ్యూల్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే పరికరం, నిన్న సాయంత్రం తిరిగి వచ్చింది. అరచేతిలో పట్టే నల్లటి ప్లాస్టిక్ డబ్బా. మూత అంచు చుట్టూ కొత్తగా పూసిన బంక తప్ప, పంపిన నాటికీ ఇప్పటికీ పైకి తేడా ఏమీ లేదు. రాత్రి దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఇంత చిన్న వస్తువు మీద ఇన్నేళ్లూ ఎంత ధీమాగా కూర్చున్నానో అనిపించింది.

డాష్‌బోర్డు మీద ఏబీఎస్ చెడిందని చెప్పే పసుపు లైటు మొదటిసారి వెలిగి మూడు వారాలయింది. మొదట్లో ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ కనబడేది కాదు. 20 నిమిషాలు నడిచి బానెట్ కింద బాగా వేడెక్కాక వచ్చేది. ఆపేసి గంట తర్వాత తాళం తిప్పితే మళ్లీ ఉండేది కాదు. నాలుగైదు రోజులకు వేడికీ చలవకీ తేడా లేకుండా అలాగే వెలుగుతూ ఉండిపోయింది.

"బండి ఆగుతోంది కదమ్మా, తొందరేముంది" అన్నారు నాన్న.

కారు ఆయనదే. 18 ఏళ్ల కిందట కొన్నారు. ఆరేళ్లుగా నేను నడుపుతున్నాను. ఆయన మాటలో తప్పు లేదు. ఏబీఎస్ పనిచేయకపోయినా మామూలు బ్రేకు పనిచేస్తుంది. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడి చక్రాల దాకా ఎప్పటిలాగే వెళుతుంది. గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే కాపలా మాత్రం ఉండదు. పసుపు లైటుతో పాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే సంగతి వేరు. అప్పుడు ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ ఒత్తిడి పంచే పని కూడా ఆగిపోయి ఉండవచ్చు, వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి అడ్డం తిరిగే ప్రమాదం ఉంటుంది. మాకు ఎర్ర లైటు రాలేదు. అందుకే నేనూ ఒక వారం ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

రెండో వారంలో వాన పడిన ఒక సాయంత్రం, ముందు వెళుతున్న వ్యాను ఉన్నట్టుండి ఆగింది. నేను పెడల్‌ను బలంకొద్దీ తొక్కి పట్టి, స్టీరింగ్ ఎడమకు తిప్పాను. ముందు చక్రాలు బిగుసుకున్నాయి. స్టీరింగ్ తిరిగింది, కారు తిరగలేదు. దొర్లుతున్న టైరే బండిని పక్కకు మళ్లించగలదని, జారే టైరుకు ఆ పట్టు ఉండదని చదివి ఎరుగుదును. చేతిలో స్టీరింగ్ ఉత్తినే తిరుగుతుంటే వచ్చే భయం మాత్రం ఏ చదువులోనూ లేదు. వ్యానుకు జానెడు దూరంలో ఆగాం.

పక్క సీట్లో నాన్న. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా నెమ్మదిగా, "కాలు తీసి మళ్లీ తొక్కాలి తల్లీ. అలా నొక్కి పట్టకూడదు" అన్నారు.

ఆ మాట నన్ను వారమంతా వదల్లేదు. ఆయన డ్రైవింగ్ నేర్చుకున్న కారులో ఏబీఎస్ లేదు. తొక్కి, చక్రం బిగుస్తోందనిపించగానే వదిలి, మళ్లీ తొక్కాలి. అది ఆయన పాదానికి అలవాటైన విద్య. నాకు నేర్పినవారు ఈ కారులోనే, దానికి సరిగ్గా ఎదురు చెప్పారు. గట్టిగా తొక్కి పట్టు, పెడల్ అదిరినా కాలు తీయకు అన్నారు. ఇద్దరిదీ నిజమే. ఆయన పాదం చేసిన పనినే ఈ డబ్బా సెకనుకు ఎన్నోసార్లు, ఏ చక్రానికి ఆ చక్రానికి విడిగా చేస్తుంది. 1950లలోనే డన్‌లప్ సంస్థ మ్యాక్సరెట్ అనే పరికరంతో విమానాల చక్రాలకు ఈ ఏర్పాటు చేసింది. ఎలక్ట్రానిక్స్‌తో పనిచేసే బాష్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కారులో వచ్చింది. ఇప్పుడు మా కారులో ఆ పని చేసేది మూగబోయింది. నా పాదానికి పాత విద్య రాదు. ఖాళీ రోడ్డు మీద సాధన చేసి చూశాను. పాదం వదలాల్సిన చోట ఇంకా బిగిస్తూనే ఉంది. అప్పటి నుంచి ముందు బండికి రెట్టింపు దూరం వదిలి, మెల్లగా నడిపాను.

మొదట చూసిన మెకానిక్ యూనిట్ మొత్తం మార్చేయాలన్నారు. నాకు మనసొప్పలేదు. ఏది చెడిందో తెలియకుండా అన్నీ మార్చడం వైద్యం కాదు. తేలిక పనులతో మొదలుపెట్టాను. ఫ్యూజులు బాగున్నాయి. బ్యాటరీ ఓల్టేజీ సరిగా ఉంది. ఎర్త్ వైరు బోల్టు విప్పి తుప్పు గీకి బిగించాను, మార్పు లేదు. చక్రాల వేగం కనిపెట్టే సెన్సర్లు పాత రకం, లోపల అయస్కాంతం, తీగచుట్ట ఉన్నవి. మల్టీమీటర్ పెడితే నాలుగూ కిలో ఓమ్‌కు అటూఇటూగా, ఒకదానికొకటి దగ్గరగా చూపించాయి. ఆ సెన్సర్ల ముందు తిరిగే పళ్ల చక్రాల మీద మట్టి లేదు. కారులోని లోపాలను చదివే స్కానర్ పెడితే, అది ఇచ్చిన కోడ్ ఏబీఎస్ పంపు మోటారు సర్క్యూట్‌ను చూపింది. మోటారు వైరు ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా ఒక్క క్షణం కరెంటు ఇస్తే గిర్రున తిరిగింది. మోటారు బతికే ఉంది. దానికి కరెంటు పంపాల్సిన డబ్బాలోనే లోపం. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

మా కారులో ఈ ఎలక్ట్రానిక్ డబ్బా, ఆయిల్ వాల్వులుండే లోహపు దిమ్మకు అతుక్కుని ఉంటుంది. నక్షత్రం తల స్క్రూలు ఆరు విప్పితే విడిగా వస్తుంది. బ్రేకు గొట్టాలను ముట్టుకోనక్కర్లేదు కాబట్టి వాటిలో చేరే గాలి తీసే పని లేదు. దిమ్మతో సహా మార్చి ఉంటే, స్కానర్‌తో వాల్వులు తెరిపిస్తూ గాలి తీయాల్సి వచ్చేదేమో. పాత బండి నుంచి తీసిన డబ్బా కొనమని కూడా సలహా ఇచ్చారు. దాని వయసూ ఇంతే, దానిలోని తీగలూ ఇంతే నలిగి ఉంటాయి. పైగా దాన్ని మా కారుకు తగినట్టు కోడింగ్ చేయించాలి. మాది మాకే బాగుపడి వస్తే ఆ బెడద ఉండదు. డబ్బాను మరమ్మతుకు పంపి, దిమ్మ మీద దుమ్మూ తడీ పడకుండా శుభ్రమైన కవరు కట్టి, బండిని కదపకుండా ఉంచాను.

బాగుచేసినవారు ఒక చీటీ పెట్టారు. మోటారు పిన్నులకు వెళ్లే సన్నటి అల్యూమినియం తీగలు అతుకు దగ్గర విడిపోయాయట. తీసి కొత్తవి అతికించారు. చదవగానే మొదటి రోజుల లైటు అర్థమైంది. 18 ఏళ్లు ఇంజన్ పక్కనే వేడికి సాగుతూ, చల్లారాక ముడుచుకుంటూ, అదురుకు కదులుతూ ఆ అతుకులు అలిసిపోయాయి. వేడెక్కితే బీట తెరుచుకుంది, చల్లబడితే కలిసింది. చివరికి కలవడం మానేసింది.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. నాన్న టార్చి పట్టుకున్నారు. బ్యాటరీ నెగెటివ్ ముందే తీసి ఉంది. వాల్వుల మీదకు తీగచుట్టలు ఒక్కొక్కటీ వంకర లేకుండా దిగేదాకా తొందరపడలేదు. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. కనెక్టర్ టక్కుమంది. తాళం తిప్పగానే లైట్లన్నీ వెలిగాయి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. పసుపు లైటు పోలేదు. స్కానర్ పెట్టి కోడ్ తుడిచి, మళ్లీ తిప్పాను. ఈసారి మిగతా వాటితో పాటే పోయింది. నాన్న భుజం మీద చేయి వేశారు. బండి కదలగానే బానెట్ కింద నుంచి గుర్రుమని చిన్న చప్పుడు వచ్చింది. పంపు తనను తాను పరీక్షించుకునే చప్పుడు అది. మూడు వారాలుగా వినలేదు.

మనుషులెవరూ లేని తడి మైదానంలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, బలంకొద్దీ తొక్కి పట్టాను. పెడల్ పాదం కింద దడదడలాడింది. స్టీరింగ్ తిప్పాను, కారు తిరిగింది.

"నేను చూస్తాను" అన్నారు నాన్న. సీటు మారాం. ఆయన అలవాటు ప్రకారం తొక్కి, వదిలి, తొక్కారు. కారు మెత్తగా ఆగింది, పెడల్ అదరలేదు.

"నాన్నా, ఈసారి కాలు తీయకండి. నొక్కి పట్టండి."

ఆయనకు అది కష్టమైంది. మూడోసారికి గానీ పాదం మాట వినలేదు. పట్టి ఉంచగానే ఉలిక్కిపడి నా వైపు చూశారు.

"కింద ఏదో కొట్టుకుంటోందమ్మా!"

"అదే నాన్నా, మనం బాగుచేయించింది."

ఈ కారును ఆయన 12 ఏళ్లు నడిపారు. చక్రం బిగుసుకోకముందే తన పాదమే వదిలేసేది కాబట్టి, ఈ అదురును ఒక్కసారి కూడా చూడలేదట. "ఇంకొక్కసారి" అన్నారు. అలా ఐదుసార్లు తిరిగాం.

బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ తేమ వాల్వులను తినేస్తుంది. వచ్చే ఆదివారం ఆ పని. టార్చిలో బ్యాటరీలు కూడా మార్చాలి, నాన్న పట్టుకుంటానన్నారు.