అమెరికా ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ అడగాలి?

సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళలో చాలామంది నవంబర్ ఎన్నికకు తప్పకుండా వెళ్తారు, పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ముందస్తు ఎన్నిక ప్రైమరీని మాత్రం వదిలేస్తారు. నిజానికి కాంగ్రెస్ సీట్లలో ఎక్కువ భాగం ఏదో ఒక పార్టీకి ఖాయమైనవే. అలాంటి చోట అసలు పోటీ మార్చిలోనో జూన్‌లోనో ఆ పార్టీ ప్రైమరీలోనే ముగిసిపోతుంది. మరి అక్కడ గెలిచే పార్టీ మీకు నచ్చినది కాకపోతే? నా అభిప్రాయం ముందే చెప్తాను. అవతలి పార్టీ అభ్యర్థుల్లో మెరుగైనవారిని గెలిపించడానికి ఆ బ్యాలెట్ తీసుకోవడం న్యాయమైన పనే. నవంబర్‌లో సులువుగా ఓడిపోతాడని వాళ్ళలో అధ్వానమైనవాణ్ణి నిలబెట్టడానికి మాత్రం వెళ్ళొద్దు.

రిజిస్టర్డ్ డెమొక్రాట్ అన్నా, రిజిస్టర్డ్ రిపబ్లికన్ అన్నా మన ఊళ్ళలో పార్టీ సభ్యత్వం లాంటిది కాదు. రుసుము ఉండదు, కండువా ఉండదు. ప్రభుత్వ ఫారంలో ఒక గడి నింపడం, అంతే. నవంబర్‌లో ఎవరికి వేసినా అడిగేవాళ్ళు లేరు. ఎవరికి ఓటేశారో రహస్యమే కానీ, ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది పబ్లిక్ రికార్డు. ప్రచార బృందాలు ఆ జాబితా చూసే ఉత్తరాలు, మెసేజ్‌లు పంపుతాయి. రేపు మీరే స్కూల్ బోర్డుకో సిటీ కౌన్సిల్‌కో నిలబడితే ఎదుటివాళ్ళు ఆ చరిత్ర బయటకు తీస్తారు.

నియమాలు రాష్ట్రానికొక రకం. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, మేరీలాండ్‌లలో ఆ పార్టీ పేరుతో రిజిస్టరైనవాళ్ళకే దాని ప్రైమరీలో ఓటు. పార్టీ మారాలంటే పెన్సిల్వేనియాలో ప్రైమరీకి 15 రోజుల ముందు వరకు, ఫ్లోరిడాలో 29 రోజుల ముందు వరకు గడువుంది. న్యూయార్క్‌లో జూన్ ప్రైమరీ కోసం ఫిబ్రవరి 14 లోపే మారాలి. 2016లో గడువు ఇంకా ముందుండేది. దాన్ని దాటేయడంతో ట్రంప్ సొంత పిల్లలు ఇవాంకా, ఎరిక్ ఇద్దరూ తండ్రికి ప్రైమరీలో ఓటు వేయలేకపోయారు. న్యూజెర్సీలో ఏ పార్టీకీ చెందనివాళ్ళు పోలింగ్ రోజునే పార్టీ ఎంచుకోవచ్చు. ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారేవాళ్ళకు మాత్రం 55 రోజుల ముందే గడువు అయిపోతుంది. వర్జీనియా, జార్జియా, మిషిగన్‌లలో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు, ఏదో ఒక బ్యాలెట్ అడిగి తీసుకోవడమే.

టెక్సస్‌లోనూ అంతే, కానీ ఒక మెలిక ఉంది. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉన్నవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. మార్చి మొదటి మంగళవారం ప్రైమరీ. ఎవరికీ సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరికీ మే నాలుగో మంగళవారం రనాఫ్. మార్చిలో డెమొక్రాటిక్ బ్యాలెట్ తీసుకుంటే మేలో రిపబ్లికన్ రనాఫ్‌లో ఓటు ఉండదు. అటువాళ్ళు ఇటు రావడానికీ అదే నియమం. మార్చిలో అసలు ఓటే వేయనివాళ్ళు మాత్రం మేలో ఎటైనా వెళ్ళొచ్చు. 2024లో అసెంబ్లీ స్పీకర్ డేడ్ ఫీలన్ తన రిపబ్లికన్ రనాఫ్‌లో 400 లోపు ఓట్ల తేడాతో బయటపడ్డారు. అంత దగ్గరి పోటీలో అవతలి శిబిరం నుంచి వచ్చే కొన్ని వందల మందే ఫలితం మార్చగలరు.

దీనికి కట్టే మూల్యం కూడా చూసుకోవాలి. అవతలి బ్యాలెట్ తీసుకుంటే మొత్తం ఆ పార్టీ బ్యాలెట్టే వస్తుంది. సొంత పార్టీలో జడ్జీలు, కౌంటీ కమిషనర్లు, లెజిస్లేచర్ అభ్యర్థుల ఎంపికలో మీ మాట ఉండదు. అందుకే రెండు పార్టీల నమూనా బ్యాలెట్లూ కౌంటీ ఎన్నికల వెబ్‌సైట్‌లో పక్కపక్కన తెరిచి, గట్టి పోటీ ఎటువైపు ఉందో పైనుంచి కిందిదాకా చూసి తేల్చుకోండి.

ఓట్లు అటు మళ్ళి నిజంగా ఫలితం తిరగబడిన ఉదాహరణ మిసిసిపీ 2014. జూన్ 3న రిపబ్లికన్ ప్రైమరీలో సెనెటర్ థాడ్ కోక్రన్ తన ప్రత్యర్థి క్రిస్ మెక్‌డానియల్ కన్నా వెనకబడ్డారు. జూన్ 24 రనాఫ్‌కు నల్లజాతి డెమొక్రాట్ల మద్దతు కూడగట్టుకుని 7 వేలకు పైగా ఓట్లతో నెగ్గారు. వయోమింగ్‌లో 2022లో రిపబ్లికన్ లిజ్ చేనీ కోసం డెమొక్రాట్లు పార్టీ మారి ఓటేసినా ఆమె 35 శాతానికి పైగా తేడాతో ఓడిపోయారు. అక్కడ డెమొక్రాట్లే కొద్దిమంది, అంత తేడాను పూడ్చడం వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. తర్వాతి ఏడే ఆ రాష్ట్రం, అభ్యర్థుల నామినేషన్లు మొదలయ్యాక పార్టీ మారకుండా చట్టం చేసింది.

ఇక బలహీనుణ్ణి నిలబెట్టే ఎత్తు. 2022లో మిషిగన్ మూడో డిస్ట్రిక్ట్‌లో డెమొక్రాటిక్ పార్టీ ప్రచార కమిటీ 4 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి రిపబ్లికన్ జాన్ గిబ్స్‌కు పేరొచ్చేలా ప్రకటనలు వేయించింది. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు పార్లమెంటు భవనంపై చేసిన దాడి తర్వాత సొంత పార్టీ అధ్యక్షుణ్ణి అభిశంసించడానికి ఓటేసిన పీటర్ మైయర్ ప్రైమరీలో ఓడిపోయారు. నవంబర్‌లో డెమొక్రాట్ హిలరీ షోల్టెన్ గెలిచారు. ఎత్తు పారిందనే అంటారు. కానీ ధైర్యం చేసిన మనిషికి దక్కిన ఫలితం అది. పైగా 2016లో ట్రంప్ అయితే తేలిగ్గా గెలిచేయొచ్చని ఎంతమంది డెమొక్రాట్లు లెక్కలు వేసుకున్నారో గుర్తుంది కదా. మీరు వేసే ఓటుతో నెగ్గే మనిషి నిజంగా గద్దెనెక్కితే భరించగలరా? భరించలేమనిపిస్తే ఆ ఓటు వేయకండి.

కాలిఫోర్నియా పద్ధతి వేరు. ఉమ్మడి ప్రైమరీలో పార్టీతో సంబంధం లేకుండా మొదటి ఇద్దరే నవంబర్‌కు వెళ్తారు. 2012లో డెమొక్రాట్లకు అనుకూలమైన 31వ డిస్ట్రిక్ట్‌లో నలుగురు డెమొక్రాట్లు ఓట్లు చీల్చుకోవడంతో ఇద్దరు రిపబ్లికన్లు ముందుకెళ్ళి, నవంబర్‌లో డెమొక్రాట్ పేరే లేకుండా పోయింది. ఇలాంటి చోట మనసుకు నచ్చిన నాలుగో స్థానం అభ్యర్థి కన్నా, మొదటి రెండు స్థానాలకు చేరే సత్తా ఉన్నవారికి వేయడమే మేలు. అధ్యక్ష ప్రైమరీకి మాత్రం అక్కడా పార్టీ లెక్కే. ఇండిపెండెంట్ అనుకుని ఫారంలో అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ గడి నింపేవాళ్ళు చాలామంది. అది వేరే పార్టీ. ఏ పార్టీ వద్దనుకుంటే నో పార్టీ ప్రిఫరెన్స్ ఎంచుకోవాలి.

రనాఫ్ లేని రాష్ట్రాల్లో కొద్ది ఓట్లకే నామినేషన్ తేలిపోతుంది. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2025లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమొక్రాటిక్ ప్రైమరీని 30 శాతం కన్నా తక్కువ ఓట్లతో, ఒక్క శాతం లోపు తేడాతో గెలిచి, ఆపైన నవంబర్‌లోనూ నెగ్గారు.

అధ్యక్ష ప్రైమరీలో పోస్టల్ బ్యాలెట్ వచ్చిన రోజే నింపి పంపేయకండి. 2020లో చాలా రాష్ట్రాల ప్రైమరీలు ఒకేసారి జరిగే సూపర్ ట్యూస్‌డే మార్చి 3న అయితే, డెమొక్రాటిక్ అభ్యర్థులు పీట్ బూటిజెజ్, ఏమీ క్లోబుషార్ దానికి ఒకటి రెండు రోజుల ముందే తప్పుకున్నారు. అప్పటికే వాళ్ళకు వేసి పంపిన ఓట్లు మార్చుకునే వీల్లేక వృథా అయ్యాయి. అభ్యర్థులు ఎక్కువగా ఉన్నప్పుడు బ్యాలెట్ దగ్గరే ఉంచుకుని, మీ కౌంటీలో డ్రాప్ బాక్స్ ఉంటే చివరి రోజుల్లో అందులో వేయండి. పోస్టులోనే పంపాలంటే ముందు మీ రాష్ట్రం నియమం చూడండి. కొన్ని చోట్ల పోలింగ్ తేదీలోపు తపాలా ముద్ర పడితే చాలు, కొన్ని చోట్ల పోలింగ్ ముగిసేలోపు కవరు ఆఫీసుకు చేరి తీరాలి.