కరువు పని డబ్బులు ఎక్కడ ఆగాయి? నా అనుభవం

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మా ఊళ్లలో ఉపాధి హామీని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. 2025 వేసవి మొదట్లో ఎవర్ని పలకరించినా ఒకటే మాట, "డబ్బులు పడలా." ఫిబ్రవరిలో చేసిన పనికి ఏప్రిల్ వచ్చినా కూలి రాలేదు. ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగితే "పైనుంచి రావాలి" అన్నాడు. మండలంలో అడిగినా అదే జవాబు. పైన అంటే ఎక్కడ? విజయవాడా, ఢిల్లీనా? అది తేలకపోతే ఎవర్ని నిలదీయాలో కూడా తెలియదు. మా కూలీల సంఘంలో కంప్యూటరు ముందు కూర్చునే అలవాటున్నది నాకే కాబట్టి, ఆ సంగతి తేల్చే పని నాకు అప్పగించారు.

ముందు వాట్సాప్ గ్రూపు పెట్టాం. అందులో చేరినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు. పనికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లలో చాలామందికి ఉన్నది బటన్ ఫోను. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నా అది కొడుకు జేబులో ఉంటుంది, ఆ కొడుకు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటాడు. గ్రూపు నిండా గుడ్ మార్నింగ్ పూలు, పార్టీల వీడియోలు. గూగుల్ ఫారం తయారుచేసి జాబ్ కార్డు నంబరు కొట్టమంటే, ఏపీతో మొదలయ్యే అంత పొడుగు నంబరు కొట్టే ఓపిక ఎవరికుంటుంది? కార్డు ఫొటోలు తీసి పంపారు, అవి సగం మసక. దాంతో పొద్దున్నే పంటకుంట తవ్వే చోటికి నేనే నోట్‌బుక్ పట్టుకుని పోవడం మొదలుపెట్టా.

అక్కడ నాకు బాగా కలిసొచ్చింది హాజరు యాప్. 2023 జనవరి 1 నుంచి పని జరిగే చోట రోజుకు రెండు ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాల్సిందే. మా గుట్టల్లో సిగ్నల్ అంతంత మాత్రం. హాజరు వేసే మేట్ ఫోను పైకెత్తి పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, మిగతావాళ్లు పార, తట్ట పక్కన పెట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఆ ఖాళీలో కార్డులన్నీ రాసుకునేవాణ్ని. యాప్‌ను అందరూ తిట్టుకునేది కూడా అప్పుడే.

ఉపాధి హామీ వెబ్‌సైట్‌కు లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ అంటూ ఒక్కో మెట్టు దిగితే మన ఊరి జాబ్ కార్డులన్నీ కనిపిస్తాయి. కార్డు మీద నొక్కితే ఎవరు ఏ తేదీల్లో పని చేశారు, ఏ మస్టర్ (హాజరు పట్టీ), ఎంత కూలి, అన్నీ ఉంటాయి. మేం చూడాల్సింది మాత్రం ఎఫ్‌టీఓ తేదీ. అంటే డబ్బు ఖాతాలో వేయమని ఇచ్చే ఉత్తర్వు. మస్టర్ మూసిన 8 రోజుల్లో దాన్ని ఇక్కడివాళ్లు తయారుచేయాలి. ఆ తర్వాత 7 రోజుల్లో కేంద్రం డబ్బు వేయాలి. రెండూ కలిపి 15 రోజులు. ఎఫ్‌టీఓ ఉంటే డబ్బు ఢిల్లీలో ఆగినట్టు, లేకపోతే మన మండలంలోనే ఆగినట్టు.

మా ఊరి మస్టర్లలో ఎక్కువ వాటికి ఎఫ్‌టీఓ టైముకే అయింది. కాబట్టి ఫీల్డ్ అసిస్టెంట్ చెప్పింది చాలావరకు నిజమే, పాపం. 2024-25 బడ్జెట్‌లో ఈ పథకానికి 86,000 కోట్లు పెట్టారు. 2025-26లోనూ అంతే పెట్టారు. మన రాష్ట్రంలో రోజు కూలి 2025 ఏప్రిల్ 1 నుంచి 300 రూపాయలు కాస్తా 307 అయింది. కూలి పెరిగింది, డబ్బు మాత్రం పెరగలేదు. పైగా పాత ఏడాది బకాయిలు కూడా కొత్త ఏడాది డబ్బులోంచే తీర్చాలి. ఇదంతా పంటకుంట గట్టు మీద చెబుతుంటే ఒకామె, "అంటే మా కూలి ఆపుకుని వాళ్లు సర్దుకుంటా ఉండారన్నమాట" అంది. బడ్జెట్ గురించి అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ 307 కూడా చేతికి మొత్తం రాదు. గుంపు తవ్విన మట్టిని కొలిచి, దాన్ని బట్టి పంచుతారు. గరుసు నేలలో పలుగు దిగదు, కొలత తగ్గుతుంది, కూలి కూడా తగ్గుతుంది.

ఒక గుంపు మస్టర్‌కు మాత్రం ఎఫ్‌టీఓ లేదు. కొలతలు ఎక్కించనేలేదు. సోమవారం అర్జీలు తీసుకునే చోటికి వెళ్లి, మస్టర్ నంబరు, పని తేదీలు, గడువు దాటిన తేదీ రాసి కాగితం ఇచ్చాం. "డబ్బులు రాలేదు సార్" అని రాస్తే "విచారిస్తాం" అంటారు. మస్టర్ నంబరు రాస్తే విచారించడానికి ఏమీ మిగలదు. ఆ వారంలోనే కొలతలు ఎక్కాయి.

మా వీధి చివర పెద్దమ్మది ఇంకో కథ. సైట్‌లో ఆమె డబ్బు ఖాతాలో పడినట్టే ఉంది.

"పడ్డాయి పెద్దమ్మా, ఇదో చూడు."

"నువ్వు చూపిస్తా ఉండావు గానీ అబ్బయా, నా బుక్కులో లేవే!"

పాస్‌బుక్ తెరిచి వేలు పెట్టి చూపించింది. నిజంగానే లేవు. 2024 జనవరి నుంచి కూలి అంతా ఆధార్ ద్వారానే వస్తోంది. ఆధార్‌కు ఆఖరున ఏ ఖాతా ముడిపడితే డబ్బు అందులోకే పోతుంది. ఆధార్ సైట్‌లో చూస్తే అది ఆమె ఎప్పుడూ వినని పేమెంట్స్ బ్యాంకు. మనవడికి సిమ్ కొన్నప్పుడు వేలిముద్ర వేసిందట, అప్పుడే ఖాతా కూడా తెరిచేశారు. వేలిముద్రతో డబ్బిచ్చే కొట్టుకు తీసుకుపోతే మొత్తం అక్కడే ఉంది. తర్వాత పాత బ్యాంకుకు వెళ్లి, ఆధార్‌ను మళ్లీ ఆ ఖాతాకే కలపమని ఫారం రాసిచ్చాం. ఆ తర్వాత ఇంకొందరివి కూడా ఇలాగే బయటపడ్డాయి.

మే నెలలో తిప్పలు ఇంకో రకం. పని అడిగినవాళ్లకు "రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం" అన్నారు. చట్టం ప్రకారం రాసిస్తే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులకు కూలిలో పావు వంతు, ఆ తర్వాత సగం. అందుకే నోటితో అడిగితే ఎవరికీ ఇబ్బంది లేదు, రసీదు అడిగితేనే చిక్కు. దరఖాస్తులు నా కంప్యూటర్లోనే టైపు చేసి ప్రింటు తీశా. నలుగురైదుగురం పోయి ఇచ్చొద్దామని నేనంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. 1992లో కలిగిరి దగ్గరి దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డప్పుడు ఆమె కొత్త కోడలు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూనే సారా అంగళ్ల మీదికి కదిలినవాళ్లలో ఆమె కూడా ఉంది. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు ఇప్పటికీ ఇంటి మనిషి పేరు తలుచుకున్నట్టు చెబుతుంది. మరుసటి ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయిందంటే అది ఎవరి చలవో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. "అందరం పోదాం. కాగితం చేతికొచ్చిందాకా లేచేదే లేదు" అంది. అట్టాగే పోయాం. మధ్యాహ్నం దాకా "సంతకం పెట్టే ఆయన లేడు" అన్నారు. మజ్జిగ తాగి వరండాలోనే కూర్చున్నారు. సాయంత్రానికి రసీదులు వచ్చాయి. భృతి ఎవరికీ రాలేదు, దాని అవసరమూ పడలేదు, గడువులోపే చెరువు పూడిక పని మొదలైంది.

రానిదల్లా ఆలస్యానికి పరిహారం. 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం, అంటే 3,000 రూపాయల బకాయి మీద రోజుకు రూపాయిన్నర. కేంద్రం దగ్గర జరిగే ఆలస్యానికి కూడా పరిహారం కూలీల హక్కేనని సుప్రీంకోర్టు 2018 మేలో చెప్పింది. మా ఊరి లెక్కలో మాత్రం ఆ గడిలో సున్నాలే ఉన్నాయి. దాని మీద ఇచ్చిన అర్జీ అట్టాగే ఉంది.

ఈలోగా 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. 100 రోజులు 125 అయ్యాయి. ఇంతకుముందు కూలి మొత్తం కేంద్రమే ఇచ్చేది, ఇక ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలి. రాష్ట్రం దగ్గర డబ్బు లేకపోతే 125 కాగితం మీదే ఉంటుందని నా భయం. మా వాళ్లను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది మాత్రం ఇంకోటి. విత్తులు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా ఈ పని ఆపొచ్చట. కరువు పని వల్లే కూలీలు దొరకడం లేదని రైతులు ఎప్పటినుంచో గొణుగుతున్నారు, వాళ్ల బాధ వాళ్లది. కానీ ఏ 60 రోజులు? పెన్నా కింద వరి, కలిగిరి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, మా వైపు వాన పడితేనే కంది. నెల్లూరు కాలువ కింద కోతలని మా దగ్గర పని ఆపితే మా వాళ్లు తినేదేంది? తేదీలు మండలాల వారీగా పెట్టమని అర్జీ రాస్తున్నాం. అందుకని ఏ ఇంటికి ఏ నెలలో పొలం పని దొరుకుతుంది, ఏ నెలలో దొరకదు అని వీధివీధీ తిరిగి రాసుకుంటున్నాం. ఇప్పటికి సగం ఊరైంది.