హారన్‌కు స్పీడ్ తెలీదు

నేను విమానం నడపడం నేర్చుకుంటున్నాను. పొద్దున్న ఏడు లోపే గాల్లో ఉండాలని నేర్పే సార్ పట్టుబడతారు. ఎండే కారణం. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1740 అడుగుల ఎత్తులో ఉంది. మధ్యాహ్నం 40 డిగ్రీలు తాకితే గాలి పలచబడి, విమానం లెక్కలో అది 5 వేల అడుగులు దాటిన రన్‌వే అయిపోతుంది. పరుగు పెరుగుతుంది, పైకెక్కడం మందగిస్తుంది. పొద్దెక్కాక కుదుపులు వేరే. ఎత్తు నిలబెట్టుకోవడానికే ఒళ్లు హూనమైతే ఇంక నేర్చుకునేదేముంది?

ఈ రోజు స్టాల్స్, స్టీప్ టర్న్స్. గాలికి రెక్క కోణం మరీ పెరిగి, మోసే శక్తి పడిపోతే స్టాల్. బాగా వంగి తిరిగితే స్టీప్ టర్న్. విమానం సెస్నా 172. ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూసే వాక్ అరౌండ్‌లో నాకు బాగా నచ్చేది ఎడమ రెక్క ముందంచులో ఉండే చిన్న రంధ్రం. స్టాల్ వార్నింగ్ హారన్‌కు గాలి దారి అదే. శుభ్రమైన రుమాలు అడ్డం పెట్టి, నోటితో గాలి పీల్చి చూడాలి. లోపల హార్మోనియంలో ఉండేలాంటి రీడ్ ఒకటి పీమని మోగుతుంది. కరెంటు లేదు, సెన్సార్ లేదు. మొదటిసారి చూసినవాళ్లకు నవ్వొస్తుంది, రెక్కకు ముద్దు పెడుతున్నట్టే ఉంటుంది మరి.

పనిచేసే తీరు కూడా అంతే తేలిక. రెక్క గాలికి ఎదురుగా ఎత్తుకునే కొద్దీ, గాలి రెండుగా చీలే చోటు కిందికి జరుగుతుంది. పైభాగంలోని తక్కువ పీడనం ఆ రంధ్రం దాకా పాకి, లోపలి గాలిని బయటికి లాగుతుంది. రీడ్ మోగుతుంది. అంటే దానికి తెలిసింది కోణం ఒక్కటే. ఎంత స్పీడ్‌లో పోతున్నామో దానికి అక్కర్లేదు.

పైకెళ్లాక పవర్ తగ్గించి, ఎత్తు పోకుండా యోక్ (విమానం స్టీరింగ్) మెల్లగా వెనక్కి లాగాను. ముందు గాలి హోరు తగ్గింది. కంట్రోల్స్ వదులయ్యాయి, యోక్ ఎంత తిప్పినా విమానం తీరిగ్గా వింటోంది. హారన్ సన్నగా మొదలై గట్టిపడింది. సీటు కింద వణుకు, ఆ వెంటే ముక్కు దానంతటదే వాలింది. యోక్ ముందుకు, ఫుల్ పవర్, కాళ్లతో తొక్కే తోక రడ్డర్‌తో నిలబెట్టు. ఒక రెక్క వాలితే చెయ్యి ఐలెరాన్ (రెక్క చివర కదిలే పలక) మీదికే పోవాలని చూస్తుంది. అప్పుడు ఐలెరాన్ వాడితే వాలిన వైపు రెక్క చివర కోణం ఇంకా పెరిగి, పరిస్థితి ముదురుతుంది. నిజానికి 172 చాలా మంచి విమానం. దాని రెక్కను మెలితిప్పి తయారు చేశారు, మొదలు కంటే చివర కోణం తక్కువ. అందుకే స్టాల్ ముందుగా రెక్క మొదట్లోనే పుడుతుంది, చివర్లోని ఐలెరాన్‌కు కాస్త పట్టు మిగులుతుంది. ఈ మంచితనమే విద్యార్థులకు కీడు అని నా అనుమానం. ఏ విమానమైనా ఇలాగే క్షమిస్తుందనుకుంటాం.

అసలు పాఠం స్టీప్ టర్న్‌లో. 45 డిగ్రీల బ్యాంక్‌లో, అంటే అంత వంపులో పెట్టి, "ఇప్పుడు ఇంకొంచెం లాగు" అన్నారు సార్. లాగాను. స్పీడ్ 60 నాట్స్ పైనే ఉంది, హారన్ మోగింది! విమానం పుస్తకంలో, ఫ్లాప్స్ (రెక్క వెనకంచు పలకలు) దించకుండా స్టాల్ స్పీడ్ 48. "మరి 48 ఎక్కడికి పోయింది?" అన్నారు, చేతులు కట్టుకుని.

ఎక్కడికీ పోలేదు, అది వంగకుండా నేరుగా ఎగిరేటప్పటి అంకె. 45 డిగ్రీలు వంగి ఎత్తు నిలబెడితే రెక్క దాదాపు 1.4 రెట్లు బరువు మోయాలి, స్టాల్ స్పీడ్ 57కు చేరుతుంది. 60 డిగ్రీలైతే బరువు రెండింతలు, స్టాల్ 68. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే టెక్నికల్ పేపర్ కోసం, క్వశ్చన్ బ్యాంకులో ఈ ప్రశ్నకు జవాబు కళ్లు మూసుకుని పెట్టేదాన్నే. 70 శాతం వస్తే పాస్. యోక్ బరువెక్కి, చెంపలు కిందికి లాగుతుంటే మాత్రం అదే లెక్క ఇంకోలా అర్థమవుతుంది. అందరం చేసే బట్టీ చదువు మీద నాకు ఈ రోజు చిరాకేసింది.

కిందికి దిగాక సార్ టీ తాగుతూ దిగే ముందు బేస్ నుంచి ఫైనల్‌కు, అంటే రన్‌వేకు ఎదురుగా తిరిగే చివరి మలుపు సంగతి ఎత్తారు. రన్‌వేకు నేరుగా ఉండే గీత దాటిపోయామని తెలిసి, బ్యాంక్ పెంచడానికి భయపడి, లోపలి రడ్డర్ తొక్కి ముక్కును తోస్తారట. ముక్కు కిందికి జారితే యోక్ లాగుతారు. లోపలి రెక్క ముందు స్టాల్ అవుతుంది, విమానం స్పిన్‌లో పడి గిరగిరా తిరుగుతూ జారుతుంది. అక్కడ మనకు మిగిలే ఎత్తు కొన్ని వందల అడుగులే, కోలుకోవడానికి చాలదు. "గీత దాటావా, దిగకుండా మళ్లీ పైకి లేచి గో అరౌండ్ కొట్టు. ఇంకో సర్క్యూట్ పెట్రోలే కదమ్మా, ఏం పోయింది?"

రాత్రి నాన్న ఫోన్. "ఇంజిన్ బంద్ అయితే ఎట్ల బిడ్డా?" ఆయనకు ఎప్పుడూ అదే టెన్షన్. 68 నాట్స్ దగ్గర ముక్కు సర్దితే, గాలి లేని రోజున 3 వేల అడుగుల నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా జారుకుంటూ పోవచ్చు నాన్నా అన్నాను. ఇంకా దూరం పోదామని ముక్కు ఎత్తితేనే కష్టం. కాసేపు ఆగి, "అయితే ఎత్తకు" అన్నారు.

రేపు మళ్లీ స్టీప్ టర్న్సే, ఈసారి కుడివైపు. ఎడమ సీట్లో కూర్చుని కుడికి తిరిగితే ముక్కు, హొరైజన్ వేరేలా కనిపిస్తాయి. లాగ్‌బుక్ రాసేశాను, అలారం ఐదుకి పెట్టాలి.