అంచు పోయిన స్నేక్ ప్లాంటు

నాలుగేళ్ల కిందట కడియపులంకలోని ఒక నర్సరీలో కొన్న స్నేక్ ప్లాంటును నేను ఎంచుకున్నది దాని పసుపు అంచు కోసమే. నిలువుగా లేచిన ముదురాకుపచ్చ ఆకుల మీద లేత అడ్డచారలు, ఇరువైపులా మొదలు నుంచి కొస దాకా పట్టుచీరకు ఉన్నట్టు అంచు. మా అక్క తనకూ ఒక మొక్క కావాలన్నప్పుడు ఒక ఆకును కోసి, నాలుగేసి అంగుళాల ముక్కలు చేసి, కోతల తడి ఆరేదాకా మూడు రోజులు నీడన ఉంచి, ఇసుక, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) సమంగా కలిపిన కుండీలో నాటాను. ముక్కలో ఏది అడుగో ఏది పైకొసో గుర్తుంచుకోవాలి. తిరగేసి నాటితే వేళ్లు పట్టవు. అందుకే అడుగు వైపును ఏటవాలుగా కోస్తాను.

నెలన్నరకు వేళ్లు, మరో మూడు నెలలకు పిలకలు వచ్చాయి. ఒక్క పిలకకూ అంచు లేదు. వెలుతురు చాలలేదేమోనని కుండీని తూర్పు కిటికీ దగ్గరకు మార్చినా ఆకులు పెరిగాయే గాని పసుపు మాత్రం తిరిగి రాలేదు.

తప్పు వెలుతురుది కాదు. లారెంటై అనే ఈ రకం నిజానికి ఒకే మొక్కలో ఇమిడిన రెండు రకాల కణజాలం; దీన్నే కైమీరా అంటారు. కొసమొగ్గలో కణాలు పొరలుగా అమరి ఉంటాయి. పత్రహరితం తయారుచేయలేని కణాలు అంచుగా, చేయగలిగినవి మధ్యభాగంగా ఎదుగుతాయి. ఆకు ముక్క అడుగున పుట్టే పిలక పచ్చని కణాల నుంచే మొదలవుతుంది కనుక పొరల అమరిక దానికి అందదు. మట్టిలోని కొమ్ము, అంటే నేలలో అడ్డంగా పాకే కాండం, నుంచి వచ్చే పిలకలో మాత్రం ఆ అమరిక యథాతథంగా ఉంటుంది. అరటిని పిలకతో పెంచే మనవాళ్లకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.

ఆ పచ్చని పిలకలను చూసి నానమ్మ, "ఇది మన చాగే కదా!" అంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. స్నేక్ ప్లాంటు పశ్చిమ ఆఫ్రికాది, చాగ మన నేలది, కాని రెండూ దగ్గరి చుట్టాలు. చాగనారతో పూర్వం వింటినారి పేనేవారు. దాని సంస్కృత నామమైన మూర్వ నుంచే వింటినారికి మౌర్వి అన్న పేరు వచ్చింది.

ఆ తరువాత అంచు ఉన్న పాత మొక్కను కుండీలోంచి తీసి, సొంత వేళ్లూ కనీసం మూడు ఆకులూ ఉన్న కొమ్మును శుభ్రమైన కత్తితో వేరుచేసి, ఒక రోజు ఆరబెట్టి వేరే కుండీలో నాటాను. వారం దాకా నీరు పోయలేదు. ఈ మొక్క ఆకుల్లోనే నీరు దాచుకుంటుంది, పత్రరంధ్రాలను ఎక్కువగా రాత్రివేళే తెరుస్తుంది. అందుకే దాహం కంటే నిలవనీటితోనే ఎక్కువగా చస్తుంది. వానాకాలంలో నేను కుండీని చూరు కిందికి చేర్చి, మట్టి లోపలి దాకా పొడిబారితే తప్ప నీరు పోయను.

అక్కకు అంచు ఉన్న కుండీ ఇచ్చాను. అంచు లేనివి ఐదు మా మెట్ల మీద ఉన్నాయి. నానమ్మ వాటిని ఇప్పటికీ చాగ అనే పిలుస్తుంది.