ఆర్సెనల్ రికార్డుల పట్టిక: సీజన్ల నియమాలను కూడా చేర్చాక మారిన లెక్కలు

ఆర్సెనల్ క్లబ్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన తొలి మ్యాచ్ 1893 సెప్టెంబర్ 2న న్యూకాజిల్ యునైటెడ్‌తో 2-2గా ముగిసింది. ఆనాటి నుంచి క్లబ్ ఆడిన ప్రతి పోటీ మ్యాచ్‌నూ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, రికార్డులను ఎక్కడి నుంచో ఎత్తి రాయకుండా ఆ మ్యాచ్‌ల నుంచే లెక్క కట్టి రాబట్టాలన్నది నేను తీరిక వేళల్లో పెట్టుకున్న పని. లీగ్ మ్యాచ్‌ల నమోదు పూర్తయింది, ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ) చివరి దశలో ఉంది, యూరప్ పోటీలు సగంలో ఉన్నాయి. ఈ విడతలో నేను కొత్త మ్యాచ్‌లను చేర్చడం కంటే, ఉన్న అంకెలకు ఆయా సీజన్ల నియమాలను జోడించే పనిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాను.

పట్టిక నిర్మాణం చాలా సాదాగా ఉంటుంది. ఒక మ్యాచ్‌కు ఒక వరుస. అందులో తేదీ, సీజన్, పోటీ పేరు, ప్రత్యర్థి, మైదానం, సొంత మ్యాచా పరాయి మ్యాచా తటస్థ వేదికా అన్న గుర్తు, ఆర్సెనల్ గోల్స్, ప్రత్యర్థి గోల్స్ ఉంటాయి. గెలుపు, డ్రా, ఓటమి అన్న ఫలితాన్ని చేత్తో రాయను. గోల్స్‌ను పోల్చి ఫార్ములాయే తేలుస్తుంది. గోల్స్ చేసినవారి వివరాలు వేరే షీట్‌లో ఉంటాయి. అక్కడ ప్రత్యర్థులు చేసిన సెల్ఫ్ గోల్స్‌కు కూడా విడిగా ఒక పేరు కేటాయించాను, ఎందుకంటే ఆటగాళ్ల గోల్స్ మొత్తమూ జట్టు గోల్స్ మొత్తమూ ప్రతి సీజన్‌కూ సరిపోవాలంటే అది తప్పనిసరి. ఆ రెండు మొత్తాలూ కలవని సీజన్ ఎర్ర రంగులో కనిపించేలా ఏర్పాటు చేసుకుంటే తనిఖీ పని సగం తగ్గుతుంది.

తేదీల విషయంలో ఇంత పాత క్లబ్‌ను ఎంచుకున్నవారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఎక్సెల్ తేదీల లెక్క 1900 జనవరి 1తో మొదలవుతుంది. అంతకు ముందు తేదీని అది తేదీగా కాక వట్టి అక్షరాలుగా చూస్తుంది. పైగా క్యాలెండర్‌లో లేని 1900 ఫిబ్రవరి 29ని ఉన్నట్టుగా లెక్కించే పాత లోపం కూడా అందులో అలాగే కొనసాగుతోంది. ఆర్సెనల్‌కు సంబంధించిన రెండు పెద్ద రికార్డులు సరిగ్గా ఆ హద్దుకు ముందే ఉన్నాయి: 1893 అక్టోబర్ 14న ఎఫ్‌ఏ కప్‌లో ఆష్‌ఫర్డ్ యునైటెడ్‌పై 12-0 గెలుపు, 1896 డిసెంబర్ 12న లీగ్‌లో లాఫ్‌బరో చేతిలో 0-8 ఓటమి. లిబ్రె ఆఫీస్ క్యాల్క్ 1900కు ముందు తేదీలను కూడా తేదీలుగానే స్వీకరిస్తుంది కాబట్టి మొత్తం ఫైల్‌ను అందులోకి మార్చాను. ఎక్సెల్‌లోనే ఉండదలచినవారు సంవత్సరం, నెల, రోజు అన్న మూడు కాలమ్‌లుగా విడగొట్టుకుని, వాటి ఆధారంగా వరుసక్రమం పెట్టుకోవడం మేలు. తేదీలు కుదిరాయో లేదో చూడటానికి వారం పేరు మంచి పరీక్ష: పై రెండు తేదీలూ శనివారాలుగా తేలితే లెక్క సరైనదే.

లాఫ్‌బరో ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. ఆర్సెనల్ లీగ్ చరిత్రలో అతి పెద్ద ఓటమి ఆ జట్టు చేతిలోనే. అతి పెద్ద లీగ్ గెలుపు కూడా ఆ జట్టుమీదే, 1900 మార్చి 12న, 12-0తో. ఆ సీజన్ ముగిశాక లాఫ్‌బరో లీగ్‌కు దూరమై, క్లబ్‌గానే కనుమరుగైంది. ఈ రెండు మ్యాచ్‌లూ రెండో డివిజన్‌లో జరిగాయి కాబట్టి, డివిజన్ అన్న కాలమ్ లేకుండా తయారుచేసే పట్టిక వీటిని తర్వాతి కాలపు తొలి డివిజన్ మ్యాచ్‌ల పక్కన నిలబెట్టి చదువరిని తికమక పెడుతుంది.

ప్రత్యర్థుల పేర్లకు సంఖ్యలు కేటాయించడం కూడా ఈ విడతలోనే పూర్తిచేశాను. న్యూటన్ హీత్ 1902లో మాంచెస్టర్ యునైటెడ్ అయింది. లెస్టర్ ఫాస్ 1919లో లెస్టర్ సిటీ అయింది. ద వెడ్నెస్‌డే 1929లో షెఫీల్డ్ వెడ్నెస్‌డేగా మారింది. మన క్లబ్ కూడా రాయల్ ఆర్సెనల్‌గా, వూలిచ్ ఆర్సెనల్‌గా ఉండి చివరకు ఆర్సెనల్‌గా స్థిరపడింది. మ్యాచ్ వరుసలో ఆనాటి పేరునే ఉంచి, పక్కన మారని సంఖ్యను చేరిస్తే, పాత పేరును చెరపకుండానే ముఖాముఖి లెక్కలన్నీ ఒకచోటికి చేరుతాయి.

ఇక అసలు పనికి వస్తాను. సీజన్ నియమాల షీట్‌లో ఒక్కో సీజన్‌కు ఒక్కో వరుస ఉంటుంది: ఎన్ని జట్లు, ఎన్ని మ్యాచ్‌లు, గెలుపుకు ఎన్ని పాయింట్లు, పాయింట్లు సమానమైతే స్థానాన్ని తేల్చే పద్ధతి ఏది. ఇంగ్లండ్‌లో 1981-82 నుంచి గెలుపుకు 3 పాయింట్లు ఇస్తున్నారు. అంతకు ముందు 2 ఇచ్చేవారు. 1976-77 నుంచి గోల్స్ తేడాను చూస్తున్నారు. అంతకు ముందు గోల్ సగటును, అంటే చేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించగా వచ్చే విలువను చూసేవారు. పైస్థాయి లీగ్‌లో మ్యాచ్‌ల సంఖ్య కూడా స్థిరంగా లేదు: చాలాకాలం 42 ఉండగా, 1987-88లో 40, ఆ తరువాత మూడు సీజన్లు 38, మళ్లీ 42, 1995-96 నుంచి ఇప్పటివరకు 38.

ఈ షీట్‌ను మ్యాచ్‌ల పట్టికకు కలిపాక మొదట పాయింట్ల రికార్డును పరీక్షించాను. 2003-04లో ఆర్సెనల్ 26 గెలుపులు, 12 డ్రాలతో 90 పాయింట్లు సాధించింది. 1930-31లో 28 గెలుపులు, 10 డ్రాలు, 4 ఓటములతో ఆనాటి లెక్కన 66 పాయింట్లు వచ్చాయి. 3 పాయింట్ల లెక్కన అవి 94 అవుతాయి. 1970-71లో 29 గెలుపులు, 7 డ్రాలతో వచ్చిన 65 పాయింట్లు కూడా 94కే చేరతాయి. అంతమాత్రాన పాత జట్లే మెరుగైనవని తేల్చడానికి వీలులేదు, ఎందుకంటే అవి 42 మ్యాచ్‌లు ఆడాయి. మ్యాచ్‌కు సగటు తీస్తే 2003-04కు 2.37, మిగతా రెండింటికీ 2.24 వస్తుంది. 1990-91 పరిస్థితి వేరు. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచే ఓడిన జట్టుకు మైదానంలో 85 పాయింట్లు వచ్చినా, మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగిన ఘర్షణకు 2 పాయింట్ల కోత పడటంతో పట్టికలో 83 మాత్రమే మిగిలాయి. అందువల్ల కోతకు ప్రత్యేకంగా ఒక కాలమ్ పెట్టాను. ఫలితాల నుంచి వచ్చే మొత్తాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఆ తరువాత స్థానాన్ని తేల్చే పద్ధతులను మార్చి చూశాను. ఈ విడత మొత్తంలో నాకు ఎక్కువ సంతోషాన్నిచ్చిన పని ఇదే. 1988-89 చివరి మ్యాచ్ మే 26న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో జరిగింది. అప్పటికి లివర్‌పూల్ 76 పాయింట్లతో, ఆర్సెనల్ 73తో ఉన్నాయి. అలన్ స్మిత్, ఆట ముగింపులో మైకేల్ థామస్ చేసిన గోల్స్‌తో ఆర్సెనల్ 2-0తో గెలవగా, రెండు జట్లూ 76 పాయింట్ల వద్ద, 37 గోల్స్ తేడా వద్ద సమానమయ్యాయి. ఆర్సెనల్ 73 గోల్స్ చేసింది, లివర్‌పూల్ 65 చేసింది; ఎక్కువ గోల్స్ చేసిన జట్టుగా ఆర్సెనల్‌కు టైటిల్ దక్కింది. ఇదంతా అభిమానులందరికీ తెలిసిందే. కానీ షీట్‌లో పద్ధతిని పాత గోల్ సగటుకు మార్చగానే క్రమం తారుమారైంది. ఆర్సెనల్ ఇచ్చిన గోల్స్ 36, కాబట్టి సగటు 2.03, లివర్‌పూల్ ఇచ్చినవి 28, కాబట్టి సగటు 2.32. అంటే నియమం మారకుండా ఉండివుంటే, అదే రాత్రి అదే 2-0తో కూడా టైటిల్ లివర్‌పూల్‌కే వెళ్లేది. గోల్ సగటు తక్కువ గోల్స్ ఇచ్చే జట్టుకు అనుకూలమని వినడం వేరు, ఒక సెల్ విలువ మార్చగానే ఛాంపియన్ మారిపోవడాన్ని కళ్లారా చూడటం వేరు.

అదే గోల్ సగటు ఆర్సెనల్‌కు కలిసివచ్చిన సందర్భమూ ఉంది. 1952-53లో ప్రెస్టన్ నార్త్ ఎండ్‌తో 54 పాయింట్ల వద్ద సమానమైనప్పుడు, 97 గోల్స్ చేసి 64 ఇచ్చిన ఆర్సెనల్‌కు 1.52, 85 చేసి 60 ఇచ్చిన ప్రెస్టన్‌కు 1.42 వచ్చాయి. గోల్స్ తేడాతో చూసినా 33కు 25తో ఆర్సెనలే ముందుంటుంది కనుక, ఈ ఫలితం పద్ధతిపై ఆధారపడలేదని నిశ్చింతగా రాసుకున్నాను.

వరుస రికార్డుల కోసం వాడే ఫార్ములా చాలా చిన్నది: ఫలితం ఓటమి అయితే సున్నా, కాకపోతే పై సెల్ విలువకు ఒకటి కలపాలి. లీగ్ మ్యాచ్‌లను మాత్రమే వేరు చేసి తేదీల క్రమంలో పెడితే, 2003 మే 7న సౌతాంప్టన్‌పై 6-1తో మొదలైన సంఖ్య 2004 అక్టోబర్ 16న 49కి చేరి, అక్టోబర్ 24న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 0-2తో సున్నా అవుతుంది. అందులో 36 గెలుపులు, 13 డ్రాలు. అన్ని పోటీలనూ కలిపి చూస్తే ఈ వరుస చాలాచోట్ల తెగిపోతుంది. ఎందుకంటే లీగ్‌లో అజేయంగా నిలిచిన ఆ 2003-04లోనే జట్టు ఎఫ్‌ఏ కప్‌లో, లీగ్ కప్‌లో, ఛాంపియన్స్ లీగ్‌లో ఓడింది. ఫార్ములా పెట్టే ముందు ఫిల్టర్ ఫలితాన్ని వేరే షీట్‌లోకి తీసుకోవాలి. ఫిల్టర్ వేసి వరుసలను దాచినంత మాత్రాన పై సెల్ అన్న సూచన మారదు.

ఆటగాళ్ల విషయంలో మొత్తాన్ని విడగొట్టి ఉంచడమే ముఖ్యమని నా అభిప్రాయం. థియరీ హెన్రీ 228 గోల్స్‌లో 226 మొదటి విడతవి, 2 గోల్స్ 2012లో తాత్కాలికంగా తిరిగివచ్చినప్పటివి. క్లిఫ్ బాస్టిన్ 178 గోల్స్‌లో 150 లీగ్‌వి. అందుకే హెన్రీ 2005 అక్టోబర్‌లో ప్రాగ్‌లో ఇయాన్ రైట్ పేరిట ఉన్న 185ను దాటి క్లబ్ మొత్తం రికార్డును అందుకున్నా, బాస్టిన్ లీగ్ రికార్డును దాటడానికి 2006 ఫిబ్రవరి వరకు ఆగవలసి వచ్చింది. రైట్ 1997లో బోల్టన్‌పై 178కి చేరగానే, బాస్టిన్ 178ని దాటేశానని తెలిపే బనియన్‌ను ఒక గోల్ ముందుగానే చూపించాడు. కాసేపటికే 179 కూడా వచ్చింది. డేవిడ్ ఒలియరీ 722 మ్యాచ్‌ల లెక్కకు ఆరంభ జట్టు, సబ్‌స్టిట్యూట్ అన్న రెండు కాలమ్‌లు వేరుగా ఉన్నాయి. 1965-66కు ముందు లీగ్‌లో సబ్‌స్టిట్యూట్లే లేరు కాబట్టి ఆ కాలపు సెల్‌లలో సున్నా పెట్టకుండా ఖాళీగా వదిలాను. 1939-40లో యుద్ధం వల్ల మూడు మ్యాచ్‌లకే ఆగి రద్దయిన లీగ్ సీజన్‌ను పట్టికలో ఉంచాను కానీ, అధికారిక గణాంకాల్లోకి రాకుండా గుర్తు పెట్టాను.

ప్రేక్షకుల సంఖ్య దగ్గర సొంత మ్యాచ్‌ను, సొంత మైదానాన్ని ఒకటిగా చూడకూడదు. ఆర్సెనల్ పాత సొంత మైదానం హైబరీలో అత్యధికం 1935 మార్చి 9న సండర్లాండ్‌తో మ్యాచ్‌కు వచ్చిన 73,295. సొంత మ్యాచ్‌గా అత్యధికం మాత్రం 1998 నవంబర్ 25న ఫ్రాన్స్ జట్టు లెన్స్‌తో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కు వచ్చిన 73,707. అది వెంబ్లీలో జరిగింది.

ఇప్పుడు యూరప్ పోటీల షీట్‌లో రెండు అంచెల (ఒకే ప్రత్యర్థితో సొంత, పరాయి మ్యాచ్‌ల) గోల్స్ మొత్తాన్ని, పెనాల్టీ షూటౌట్‌ను నమోదు చేసే పద్ధతిని పరీక్షిస్తున్నాను. మ్యాచ్ ఫలితానికి ఒక కాలమ్, ముందుకు వెళ్లిందా లేదా అన్నదానికి మరో కాలమ్ పెట్టాను. షూటౌట్‌కు వెళ్లిన మ్యాచ్ గణాంకాల్లో డ్రాయే. దీనికి కఠినమైన పరీక్ష 1979-80 కప్ విన్నర్స్ కప్: ఫైనల్‌లో వాలెన్సియాతో 0-0 తరువాత పెనాల్టీలలో 4-5తో కప్పు చేజారింది, అయినా ఆ పోటీలో ఆర్సెనల్ ఆడిన 9 మ్యాచ్‌లలో ఓటమి కాలమ్ సున్నాగానే ఉంది. రెండు కాలమ్‌లూ ఆ సీజన్‌కు సరైన జవాబే ఇస్తున్నాయి కాబట్టి, తరువాత 2000 యూఈఎఫ్‌ఏ కప్ ఫైనల్‌ను, 2005 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌ను ఇదే పద్ధతిలో ఎక్కిస్తాను.