ఫీజు పోయింది, అయినా

గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసుకి దగ్గర్లోని ఓ వృద్ధాశ్రమం ట్రస్టులో నేను కోశాధికారిగా చేరి మూడేళ్లయింది. "ఆడిటర్ గారూ, మీరుంటే మాకు ధైర్యం" అన్నారు సెక్రటరీ గారు, పడిపోయాను. ట్రస్టీగా ఉన్నవాడు అదే ట్రస్టుకి ఆడిట్ చేయకూడదు కాబట్టి వచ్చే ఫీజు కూడా పోయింది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది!

మొదటి ఏడాదంతా టెన్షనే. చందా పుస్తకంలో సగం మంది దాతల పాన్ నంబర్లు లేవు, దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకి ఇచ్చే ఫారం 10బీడీ మే 31 లోగా వేయకపోతే రోజుకి 200 రూపాయల ఆలస్య రుసుము, పైగా 80జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు కోసం దాతలకి ఇవ్వాల్సిన సర్టిఫికెట్లు ఆగిపోతాయి, దాంతో ఆ ఎండల్లో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాం.

మరి నాకేం దక్కిందంటారా? ఆఫీసులో ఖర్చయిపోయాకే లెక్క నా దగ్గరికొస్తుంది, ఇక్కడ ఖర్చు పెట్టకముందే నన్ను అడుగుతారు. "బ్యాంకులో డిపాజిట్ ఉందిగా, బియ్యానికి డబ్బుల్లేవంటారేంటి?" అని బోర్డులోని రిటైర్డ్ హెడ్మాస్టారు నిలదీస్తే, కార్పస్ నిధిని, అంటే అసలు కదపకుండా ఉంచాల్సిన మూలధనాన్ని, ఇష్టమొచ్చినట్టు ముట్టుకోకూడదని ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు మీటింగులు పట్టింది. ఇప్పుడు నా క్లయింట్లు కూడా "ఈమధ్య మీరు చెప్పేది తెలుస్తోందండీ" అంటున్నారు.